మన పల్నాటి పాటకి ఫ్రంట్‌మ్యాన్ నాజరే

పాట తనే రాసుకుని, తనే పాడి, పక్కన ఇద్దర్ని పెట్టుకుని ఊరూరా షోలు ఇచ్చేవాణ్ణి ఇప్పుడు మనం ఏమంటాం? ఇండీ ఆర్టిస్ట్ అంటాం, ఫాలో కొడతాం. సరిగ్గా ఆ పనే, మైకు కూడా గ్యారంటీ లేని రోజుల్లో, మన పక్కనే ఒకాయన చేశాడు. పేరు షేక్ నాజర్. 1920లో తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకుల ఇల్లు, తిండికే కటకట. అయినా పాట వదల్లేదు. శాస్త్రీయ సంగీతం మన నరసరావుపేటలోనే నేర్చుకున్నాడు.

మాది ముప్పాళ్ళ. బ్యాండ్ అనగానే మా కుర్రాళ్ళకి గిటారూ డ్రమ్సే గుర్తొస్తాయి. బుర్రకథ కూడా బ్యాండే కదా అంటే నవ్వుతారు. లెక్క చూడండి. మధ్యలో కథకుడు: భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటొకడు ఇటొకడు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం. కథ ఎనిమిది వందల ఏళ్ళ నాటిదే కావచ్చు, రాజకీయం నోరు తెరిచాడంటే ఇవాళ్టి కరువూ ఇవాళ్టి అప్పులూ బయటికొస్తాయి. జనం నవ్వుతూ నవ్వుతూనే ఆలోచనలో పడతారు.

జంగాల నుంచి వచ్చిన ఈ రూపాన్ని 1940ల్లో ప్రజానాట్యమండలి అందిపుచ్చుకుంది. నాజర్ అందులో ముందు వరసలో నిలబడ్డాడు. బెంగాల్ కరువు మీద కథ కట్టాడు, అల్లూరి సీతారామరాజు కథ కట్టాడు. సినిమా కూడా ఆయన్ని పిలిచింది. 'పుట్టిల్లు' (1953), 'అగ్గిరాముడు' (1954) సినిమాల్లో ఆయన బుర్రకథ ఉంటుంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశాడు.

నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆయన కట్టిన 'పల్నాటి యుద్ధం'. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, బాలచంద్రుడు... ఇది మన ఇంటి కథ. కారంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవం చేస్తాం. ఆ కథలో చాపకూడు ఉంది: కులం అడక్కుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తినడం. దాన్ని ఊరూరా పాడి చెప్పినవాడు ఒక పింజారి. ఆ మాటని మన ఊళ్ళలో తిట్టుగా వాడతారు, మీరూ వినే ఉంటారు. నాజర్ ఏం చేశాడో తెలుసా? తన జీవితకథని అంగడాల వెంకటరమణమూర్తికి చెప్పి రాయించినప్పుడు ఆ పుస్తకానికి వచ్చిన పేరే 'పింజారి'. తిట్టుని అట్ట మీదకెక్కించాక, దాంతో ఇంకెవడు తిట్టగలడు?

ఇప్పుడు మన ఫోన్లలో పల్నాడు అంటే ఏముంది? తొడ కొట్టే రీలు, కత్తి చూపించే రీలు, 'మా కులం పులి' అని ఒక క్యాప్షన్. బాలచంద్రుడు కూడా ఒక్కో గ్రూపుకి డీపీ అయిపోయాడు. అదే బాలచంద్రుణ్ణి నాజర్ అందరి ముందూ నిలబెట్టి, అందరివాడుగా పాడాడు. అరిచి భయపెట్టడం తేలిక. అన్ని కులాలవాళ్ళూ ఒకేచోట కూర్చుని తెల్లారేదాకా వినేలా పాడటం కష్టం. దానికి గొంతొక్కటే చాలదు, ధైర్యం కూడా కావాలి.

అందుకే ముప్పాళ్ళలోనో, మాచర్లలోనో, గురజాలలోనో పాట కట్టాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. గిటారే పట్టుకోండి, ర్యాపే చేయండి, తప్పేం లేదు. మిర్చి రేటు గురించి రాయండి, సాగర్ కాలువ నీళ్ళ గురించి రాయండి, పక్కన హాస్యానికి ఒకణ్ణీ రాజకీయానికి ఒకణ్ణీ పెట్టుకోండి. పాట అయ్యాక ఒక్కటి చూసుకోండి: దాన్ని మీ పక్క బజారువాడు కూడా తన పాటే అనుకుంటున్నాడా? అనుకుంటే మీరు నాజర్ దారిలో ఉన్నట్టే.