ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరా!

బతుకమ్మ పండుగ ముందు ఇల్లు దులపడం మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారి సజ్జ మీది పాత కంప్యూటర్‌ను కూడా దించాం. పాత సామాన్లాయన తూకం వేసి డబ్బులు చేతిలో పెట్టేలోగా, పదో తరగతి చదివే మా అమ్మాయి అందులోంచి డీవీడీ రైటర్ ఊడదీసి చున్నీ కింద దాచేసింది.

సాయంత్రం చూద్దును కదా, వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెం. అందులో మరలు, చిన్న మోటారు, బొట్టుబిళ్లంత కటకం, కందిపప్పు బద్దంత లోహపు ముక్క! "అమ్మా, ఇదే లేజర్ డయోడు. కరెంటిస్తే దీంతోని అగ్గిపుల్ల అంటుకుంటదట. వీడియోల చూసిన" అంది కళ్లింతవి చేసుకుని.

ముందు లేచింది మా అత్తమ్మ గొంతే. "ఆడివిల్లకు గీ మరలిప్పే పనేందే? రేపు అత్తగారింట్ల గిదే జేస్తవా?" నేనేం తక్కువ తినలేదు. పళ్లెం లాక్కుని సజ్జ మీద పెట్టేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయిన వేసవిలో మా ఆడపడుచు కొడుకు ఇదే ఇంట్లో రేడియో విప్పి, మళ్లీ బిగించలేక చేతులెత్తేస్తే "మావోడు ఇంజనీరైతడు" అని మురిసింది ఈ అత్తమ్మే. పక్కన నిలబడి నవ్వింది నేనే. అంతెందుకు, హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే దారిలో 1959లో ఆర్ఈసీగా మొదలైన ఎన్ఐటీ కనబడినప్పుడల్లా "నువ్వూ ఇందులో చదవాలె" అని పిల్లకు చెప్తుంటాం. అంటే ఇంజనీరింగ్ సీటు కావాలి గానీ మర విప్పడం వద్దన్నమాట!

నా డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మా బ్యాచికి ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలం. వైర్లు కలిపేది వాళ్లు, రీడింగులు రాసేది మేము. మా అక్షరాలు బాగుంటాయట! మూడేళ్లూ రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి. ఈరోజుకీ ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం ఆయన వచ్చేదాకా చీకట్లో కూర్చుంటాను.

అలాగని తెల్లారగానే పళ్లెం తిరిగిచ్చేశానా అంటే, లేదు. ముందు నేను చదువుకున్నాను. చదివాక అసలు భయం పట్టుకుంది.

డీవీడీ రైటర్ పెట్టె మూసి ఉన్నంతసేపు ఏ ప్రమాదమూ లేదు. కానీ డిస్కు మీద రాసే ఆ ఎర్ర కాంతి బలం వంద మిల్లీవాట్లు దాటుతుంది. 1 మిల్లీవాటు లోపు కాంతి పొరపాటున కంట్లో పడితే పావు సెకనులో రెప్ప వాలి కాపాడుతుంది. దీని ముందు ఆ రెప్పపాటు చాలదు. కంటి వెనక తెరకు నొప్పి తెలియదు, కాలిన చోట చూపు తిరిగి రాదు. సీడీలు రాసే లేజర్ ఇంకా మాయదారిది, అది కంటికి కనబడదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే చాలదు. ఏ రంగు కాంతికి ఆ రంగును ఆపే ప్రత్యేకమైన అద్దాలే కావాలి. ఇక మన వంటిళ్లు! స్టీలు గిన్నె, గాజుల చెయ్యి, ముక్కుపుడక... ఏది తగిలినా ఆ కిరణం ఎవరి కంట్లోకి తిరుగుతుందో చెప్పలేం. వీడియోల వాళ్లు అగ్గిపుల్ల వెలిగించి చూపిస్తారు, ఇవన్నీ చెప్పరు.

అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెబుతుంటే అత్తమ్మ వింటోంది. షుగరు వల్ల ఆమె కంటికి లేజర్ చేయించాం. "నా కంట్ల డాక్టరు చుక్కలు చుక్కలుగ కాల్చిండు బిడ్డా. గడ్డం ఆనిచ్చి, కదలొద్దన్నడు. ఆయనకు యాడ కాల్చాల్నో ఎరుక. నీకెరుకనా?" అంది. నేను చదివిందంతా ఒక్క మాటలో తేలిపోయింది.

అప్పుడే మూడు తరాల ఆడవాళ్లం ఒక ఒప్పందానికొచ్చాం. ఆ డయోడుకు కరెంటు ఇచ్చేది లేదు, అది డబ్బాలోనే ఉంటుంది. పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ విప్పేది లేదు. ప్లగ్ తీసేసినా వాటిలో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. మిగతావన్నీ పిల్లవే.

మా వారు క్లాసులో వాడే 1 మిల్లీవాటు లోపు పాయింటర్‌ను కదలకుండా బిగించి, దాని ముందు తన వెంట్రుక నిలిపి, రెండు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద పడే వెలుగునీడలు కొలిచింది. నల్ల గీతల మధ్య 1.8 సెంటీమీటర్లు. లెక్క కడితే వెంట్రుక మందం 0.07 మిల్లీమీటరు! నానమ్మ వెంట్రుకకు గీతలు 2.6 సెంటీమీటర్ల ఎడం వచ్చాయి, అంటే 0.05. వెంట్రుక సన్నబడితే గీతలు దూరం జరుగుతాయట. "ముసలితనాన్ని గూడ కొలుస్తున్నవా?" అంటూనే అత్తమ్మ ఇంకో వెంట్రుక తీసిచ్చింది. మోటారుకు జతగా ఇంకో పాత డ్రైవు దొరికితే లేజర్ బదులు స్కెచ్ పెన్ను బిగించి నాలుగు సెంటీమీటర్ల ముగ్గు వేయిస్తానంటోంది. వేస్తుందో లేదో చూడాలి.

అమ్మ భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసిన మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వస్తే అందరం మురిసిపోయాం. మురవాల్సిందే. కానీ నొప్పి తెలిసిన చేతికే పనిముట్టు కూడా అంది ఉంటే, ఆ తల్లులు అన్నేళ్లు ఆగాల్సి వచ్చేదా?

"ముట్టొద్దు" అనడం సులువు. అలా అంటే పిల్ల ముట్టక మానదు, మనకు తెలియకుండా ముడుతుంది. ఏది ముట్టొచ్చో, ఏది ముట్టొద్దో, ఎందుకో చెప్పాలంటే ముందు మనం తెలుసుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది. మగపిల్లాడు విప్పితే తెలివి, ఆడపిల్ల విప్పితే తిక్క అనుకునే ఇళ్లల్లో ఈ జాగ్రత్తలు ఇద్దరికీ అందవు. వాడికి ఎవరూ అడ్డు చెప్పరు, దానికి ఎవరూ దారి చెప్పరు.

మిగిలిన తుక్కును మాత్రం తీగలు కాల్చి రాగి తీసే చోటికి పంపకండి. ఆ పొగ పీల్చేదీ మనలాంటి ఆడవాళ్లు, పిల్లలే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి పొందిన వాళ్లకే ఇవ్వండి.

మొన్న ఫ్యూజు పోయింది. మెయిన్ స్విచ్ ఆపి, టార్చి పట్టుకుని పక్కన నిలబడింది మా అమ్మాయి. కొత్త తీగ చుట్టింది నేను. ఆయన వచ్చేసరికి ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయి.