పేటెంటు కాగితం మీద ఎవరి పేరు?

"అంతా ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతోంది కదా, ఆడవాళ్లే ముందుకు రావడం లేదు!" మహిళా వ్యాపారుల శిక్షణల్లో ఈ మాట విని విని విసుగెత్తింది. గజపతినగరంలో పొదుపు సంఘాలతో పనిచేస్తున్న నాకు దీనిమీద గట్టి అభ్యంతరం ఉంది.

దొరకడం నిజమే. మన దేశంలో ఎవరు దేనికి పేటెంటు అడిగారో పేటెంటు ఆఫీసు వారి ఇన్‌పాస్‌లో పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే పేటెంట్‌స్కోప్‌లో విదేశాలవీ కనిపిస్తాయి. వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే రుసుము 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకి 8,000. 2019 సవరణతో, దరఖాస్తుదారుల్లో ఒక్క స్త్రీ ఉన్నా త్వరగా పరిశీలించమని అడగొచ్చు.

కానీ ఆ పత్రాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగు పనికిరాదు. చింతపండు గింజ తీసే పనిముట్టుని కమ్మరి చేత మూడుసార్లు మార్పించుకున్న మా సంఘం సభ్యురాలొకామె, అదెలా పనిచేస్తుందో అరగంట చెప్పగలదు. ఆ మాటల్ని చట్టం భాషలోకి మార్చేవారి ఫీజు ముందు 1,600 ఏమూలకి?

గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే ఆ ఫీజు ప్రభుత్వమే భరించే పథకం 2016లోనే వచ్చింది. మరి స్టార్టప్ అంటే ఎవరు? 2019 నాటి ప్రకటన ప్రకారం ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, భాగస్వామ్య సంస్థ, ఎల్‌ఎల్‌పీ. అందులో పొదుపు సంఘం లేదు. 2021లో 945 కోట్లతో పెట్టిన సీడ్ ఫండ్ కూడా ఆ గుర్తింపు ఉన్నవాళ్లకే, 20 లక్షల దాకా గ్రాంటు. మనకేమో ముద్రలో శిశు రుణం, 50 వేలు. వెలుగు ప్రాజెక్టు 2000లో మొదలైన జిల్లాల్లో మాదీ ఒకటి. అప్పటినుంచీ కిస్తీలు కడుతున్న ఆడవాళ్లకు అప్పు, నిన్నగాక మొన్న రిజిస్టరైన కంపెనీకి గ్రాంటు! ఇదెక్కడి లెక్క?

ఆసు యంత్రం కథ మీకు తెలిసే ఉంటుంది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో దాన్ని తయారుచేశారు, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద నాకు గౌరవమే. నా ప్రశ్న వేరు. చీర చీరకీ వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పిన ఆడవాళ్లకు ఆ పని లోపం తెలియకా? తెలుసు. ప్రయోగాలు చేసే తీరికా, చేతిలో డబ్బూ లేవు.

మన సంస్థల మీదా నాకు కోపముంది. కొత్త వస్తువు కనబడగానే స్టాల్లో పెడతాం, ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పుతాం. దరఖాస్తుకి ముందే లోకానికి చూపిస్తే అది కొత్తది కాకుండా పోతుంది. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రమే 12 నెలల మినహాయింపు. ముందు తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే, పూర్తిది ఇవ్వడానికి 12 నెలలుంటుంది. ఆ తర్వాతే స్టాలు. ఇంకోటి: ఫారంలో దరఖాస్తుదారు వేరు, ఆవిష్కర్త వేరు. ఆ రెండో గడిలో భర్త పేరో ప్రాజెక్టు అధికారి పేరో దూరుతుంది జాగ్రత్త. కమ్మరి ఆలోచన కలిసి ఉంటే ఆయన పేరూ రాయండి, ఆమె పక్కన.

తెలుగులో చెబితే రాసిపెట్టే మనిషి జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉండాలనీ, పేటెంటు ఫీజు సాయమూ గ్రాంటూ పొదుపు సంఘాలకూ ఇవ్వాలనీ వచ్చే సమాఖ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. మీ మండలాల్లోనూ పెట్టండి, ప్రతి మాకు పంపండి.