అప్పడం చెప్పే అజమాయిషీ

‘మీకు మేనేజ్‌మెంట్ ఒకరు నేర్పాలా అమ్మా? ఇల్లు నడపడం కన్నా పెద్ద మేనేజ్‌మెంట్ ఏముంది!’ మహిళా దినోత్సవం సభల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విని చప్పట్లు కూడా కొడతాం. అదే పెద్దమనిషి, ఆఫీసులో సెక్షన్ ఎవరికి అప్పగించాలనే మాట వచ్చేసరికి ‘పిల్లల తల్లి, ఆవిడకెందుకులెండి’ అనేస్తాడు.

ఫ్రాన్సులో గనుల ఇంజనీరుగా చేరి, చివరికి ఆ కంపెనీనే నడిపిన హెన్రీ ఫేయోల్ మేనేజ్‌మెంట్ పనులు అయిదని 1916లో రాశాడు. ముందుచూపుతో ప్రణాళిక వేసుకోవడం, మనుషుల్నీ సరంజామానీ సమకూర్చుకోవడం, పని చెప్పి చేయించడం, ఒకరి పనికి మరొకరి పని అడ్డం పడకుండా చూడడం, అనుకున్నట్టే జరిగిందా అని సరిచూసుకోవడం. మన ఆఫీసుల్లో చాలాచోట్ల ఆ చివరిదొక్కటే మిగిలింది. అదీ కాపలాగా మారింది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, టీకని వెళ్ళి ఎంతసేపయింది... ఇదే గోల.

నాకైతే ఈ అయిదూ పుస్తకంలో కన్నా లిజ్జత్ అప్పడంలో బాగా అర్థమయ్యాయి. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో డాబా మీద మొదలుపెట్టిన పని అది. పిండి కేంద్రంలోనే కలుపుతారు. ఎవరింట్లో వాళ్ళు కలిపితే ఒకరిది ఉప్పన, ఒకరిది చప్పన అవదూ! సభ్యురాళ్ళు పొద్దున్నే పిండి తీసుకెళ్ళి, ఇంట్లో ఒత్తి ఆరబెట్టి, మర్నాడు తెచ్చి అప్పజెబుతారు. తూకం చూస్తారు, నాణ్యం చూస్తారు, కూలి లెక్కగట్టి ఇస్తారు. లాభమైనా నష్టమైనా అందరిదీ.

తనిఖీ లేదనుకోకండి, గట్టిగానే ఉంది. కాకపోతే అది అప్పడాన్ని చూస్తుంది. ఒత్తినావిడ ఎన్నింటికి లేచింది, మధ్యలో పిల్లాడికి పాలు పట్టిందా అని ఆరా తియ్యదు. ఎలాంటి అప్పడం కావాలో ముందే తేల్చుకున్నారు కనుక ఆ ఆరాతో పని లేదు. అలాగని అదేదో స్వర్గమని నేననను. ఒత్తినంతకే కూలి. జ్వరమొచ్చి మంచం పడితే ఆ రోజుకి రాబడి లేనట్టే.

ఇక మన ఆఫీసులు. నెలాఖరుకి లెక్కలు తేల్చడానికి చీకటి పడేదాకా కూర్చునేది ఆవిడ. వచ్చే నెల టార్గెట్ ఎంతో నిర్ణయించే మీటింగుకి మాత్రం ఆవిడకి పిలుపుండదు. అందని టార్గెట్ పెట్టినవాళ్ళని వదిలేసి, అందుకోలేదని ఆవిణ్ణి నిలదీస్తారు. పైగా ప్రమోషన్ల వేళ ‘ప్లానింగులో అనుభవం లేదు’ అంటారు. ఆ గదిలో ఆవిడకి కుర్చీయే వెయ్యకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?