బజారు ఎటువైపు?

మక్కా నుండి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో అడుగుపెట్టే నాటికి ఆయన చేతిలో చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. అన్సారీ సోదరులు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తమ సంపదలో సగం పంచి ఇవ్వజూపారు. ఆయన ఆ సోదరుని కుటుంబానికి, సంపదకు శుభం కోరి, తనకు బజారుకు దారి చూపిస్తే చాలన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి, ఎండుపెరుగు, నెయ్యి అమ్మి బ్రతుకు మొదలుపెట్టారు. కాలక్రమంలో సంపన్నులైన సహాబాలలో ఒకరుగా నిలిచారు.

చేతిలో పని ఉండి పని ఇచ్చేవారు తెలియని ప్రతి యువకుడూ నేడు అదే ప్రశ్న అడుగుతున్నాడు. మా మదరసాలో చదివి వెళ్ళిన ఒక విద్యార్థి ఈ మధ్య వచ్చాడు. తల్లి చేతి గాజులు అమ్మగా వచ్చిన డబ్బుతో పెట్రోలుతో నడిచే గడ్డి కోత మిషను ఒకటి, బ్రష్ కట్టరు ఒకటి కొన్నాడు. ఒక నర్సరీలో మూడేళ్ళు పనిచేసి పచ్చిక పెంపకం నేర్చుకున్నాడు. “పని వచ్చు హజ్రత్, పిలిచేవాళ్ళే లేరు” అన్నాడు. పాత రోజుల్లో మాలీలు సైకిలు మీద వీధివీధీ తిరిగేవారు. ఇప్పుడు కాలనీ గేటు దగ్గరే కాపలాదారు ఆపేస్తాడు. గేటు లోపలి బజారు మరొకచోటికి మారింది. అది కాలనీవాసుల వాట్సాప్ గ్రూపు. ప్లంబరు కావాలన్నా, వంటమనిషి కావాలన్నా, మాలీ కావాలన్నా జనం మొదట అడిగేది అక్కడే. అమెరికాలో ఉంటున్న మన తెలుగువారికి ఇదే అవసరం నెక్స్ట్‌డోర్ అనే యాప్ ద్వారా తీరుతోంది. చిరునామా నిర్ధారించుకున్న ఇరుగుపొరుగువారే అందులో ఉంటారు. పచ్చిక కోసేవాణ్ణి అక్కడ వెతుక్కోవడం వారికి మామూలు విషయం.

ఈ కొత్త బజారులోకి ఎలా వెళ్ళాలి, వెళ్ళాక ఎలా నడుచుకోవాలి అన్నదే ఈ నెల మన విషయం. పని వెతికేవారికీ, పని ఇచ్చే కుటుంబాలకూ ఇందులో బాధ్యతలున్నాయి.

మొదటి మాట ప్రవేశం గురించి. కాలనీ గ్రూపు నివాసుల ఉమ్మడి స్థలం. దొడ్డిదారిన నంబరు చేర్పించుకుని ప్రకటనలు పెట్టడం అనుమతి లేకుండా ఇంట్లోకి అడుగుపెట్టడం వంటిదే. అలా వచ్చిన సందేశాన్ని ఎవరూ నమ్మరు, అడ్మిన్ తీసివేస్తాడు. సరైన మార్గం ఒకటుంది. ముందుగా ఆ కాలనీలో ఒకే ఒక ఇంట పని సంపాదించి, దానిని శ్రద్ధగా చేయాలి. ఆ పని నచ్చితే, “మీ గ్రూపులో నా గురించి ఒక మాట రాయగలరా?” అని ఆ ఇంటి యజమానిని మర్యాదగా అడగాలి. పనివాడు తన గురించి పది వాక్యాలు రాసుకున్నా పొరుగువాడు రాసిన ఒక్క వాక్యానికి సాటి రాదు.

ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలై) వృత్తాంతం చూడండి. ఆయన పరదేశి, ఆశ్రయం లేనివారు. బావి దగ్గర ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు తోడి పెట్టారు. ప్రతిఫలం అడగలేదు. వారిలో ఒకామె తండ్రితో ఆయనను పనికి పెట్టుకొమ్మని సిఫారసు చేస్తూ రెండు గుణాలు పేర్కొన్నది: శక్తి, నమ్మకం. ఏ సిఫారసుకైనా ఈ రెండే కొలబద్దలు. పని వచ్చి నమ్మకం లేనివాడు ఇంటికి ప్రమాదం. నమ్మకం ఉండి పని రానివాడు తోటకు నష్టం.

రెండవది సందేశం. అది క్లుప్తంగా, స్పష్టంగా ఉండాలి. పేరు, ఏ ప్రాంతాల్లో పనిచేస్తాడో, ఏ పనులు చేస్తాడో, ఏ రోజుల్లో వస్తాడో, ధర ఏ లెక్కన ఉంటుందో, ఫోను నంబరు: ఇంతే చాలు. ఉదాహరణకు, “సైనిక్‌పురి, యాప్రాల్ ప్రాంతాల ఇళ్ళలో పచ్చిక కోత, అంచుల కత్తిరింపు, కలుపు తీత చేస్తాను. మిషను నాదే. కోసిన గడ్డి నేనే తీసుకువెళ్తాను. చదరపు అడుగుల లెక్కన ధర, చూసి ముందే చెప్తాను” అని రాస్తే చదివినవారికి అడగవలసిన ప్రశ్నలు మిగలవు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. పనుల పట్టిక, పనివేళలు, ఫోటోలు అందులో ఒకచోట పెట్టుకోవచ్చు. అదే సందేశాన్ని రోజూ పంపరాదు. వానాకాలం మొదట్లో ఒకసారి, వేసవికి ముందు ఒకసారి చాలు.

ఫోటోల విషయంలో ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ నుండి ఎవరిదో అందమైన తోట బొమ్మ తీసి “నా పని” అని పెట్టేవారున్నారు. మహాప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన మీకు తెలిసినదే. తడిసిన గింజలు కొనేవారికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన వ్యాపారిని నిలదీశారు. పరాయి తోట బొమ్మ చూపడం కూడా పొడి గింజలు పైన పరచడమే. తాను కోసిన చిన్న పచ్చిక ఫోటో, అది ఎంత సాధారణంగా ఉన్నా, నిజమైన సాక్ష్యం. అదీ ఇంటివారిని అడిగి తీయాలి. మనుషులు, ఆరవేసిన బట్టలు, వాహనాల నంబర్లు, ఇంటి గేటు అందులో కనబడరాదు.

మూడవది ఒప్పందం. కూలి ఒప్పందాన్ని మన ధర్మశాస్త్రం ‘ఇజారా’ అంటుంది. పని ఎంతో, ప్రతిఫలం ఎంతో ముందే తెలిసి ఉండాలన్నది దాని మూలసూత్రం, ఎందుకంటే అస్పష్టత తగాదాకు తల్లి. ‘హిదాయా’ వంటి గ్రంథాలు పనివారిని రెండు తరగతులుగా విభజించాయి. ఒక నిర్ణీత కాలానికి ఒకే యజమాని దగ్గర ఉండే నెలజీతగాడు ఒక తరగతి. దర్జీలా, చాకలిలా అందరి పనీ చేసేవాడు మరొక తరగతి. మొదటివాడు వేళకు హాజరైతే జీతానికి అర్హుడు. రెండవవాడు పని పూర్తి చేస్తేనే కూలికి అర్హుడు. ఇంటింటికీ తిరిగి పచ్చిక కోసేవాడు ఈ రెండవ తరగతికి చెందుతాడు. కాబట్టి “నెలకు ఇంత” అని ఊరుకోక, “నెలకు రెండు కోతలు, వాన వల్ల తప్పితే ఆ వారంలోనే మరొక రోజు” అని తేల్చుకోవాలి. పెట్రోలు ఎవరిది, కోసిన గడ్డి ఎవరు పారవేస్తారు, ఎరువు ధర కూలిలో కలిసిందా లేదా అన్నవి కూడా అప్పుడే చెప్పుకోవాలి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసుకొమ్మని బోధిస్తుంది. ఈ ఒప్పందాన్ని కూడా ఫోనులో ఒక సందేశంగా రాసి పంపుకుంటే రేపటి మాటపట్టింపు ఉండదు.

పని చేస్తుండగా నష్టం జరిగితే ఏమిటి? చాకలి బట్టను బాదుతుండగా చిరిగితే నష్టపరిహారం అతనిదేనని హనఫీ పండితులు తేల్చారు. ఆ సూత్రాన్ని బట్టి, మిషను బ్లేడు తగిలి నీటి గొట్టం తెగినా, ఎగిరిపడిన రాయి కిటికీ అద్దాన్ని పగులగొట్టినా, ఇంటివారు చూడకముందే చెప్పి సరిచేసి ఇవ్వడమే న్యాయం. కోతకు ముందు పచ్చికలో రాళ్ళు, ఆటవస్తువులు ఏరివేయడం, పిల్లలను లోపలికి పంపమని కోరడం ఐదు నిమిషాల పని. అలా జాగ్రత్తపడేవాడి పేరు గ్రూపులో ఎవరూ అడగకుండానే వినబడుతుంది.

నాల్గవది వృత్తిలో నిజాయితీ. హైదరాబాదు ఇళ్ళలో గరికజాతి పచ్చికలు ఉన్నాయి, కొరియన్ గడ్డి ఉంది. కడియం నర్సరీల నుండి తెచ్చి పరచినవీ ఉన్నాయి. గరికజాతి వానాకాలంలో వేగంగా పెరుగుతుంది, చలికాలంలో మందగిస్తుంది. కొరియన్ గడ్డి దానికన్నా మెల్లగా పెరుగుతుంది. అన్నిటికీ ఒకే లెక్కన కోతలు అంటగట్టడం మోసం. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడోవంతుకు మించి కోయరాదు. ఎక్కువ రోజులు కోత తప్పించుకోవాలని నేలబారుగా గీసేస్తే పచ్చిక పసుపుబారి ఎండకు మాడిపోతుంది. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. తుంగ గడ్డిని పైపైన పీకితే లోపలి దుంప నుండి మళ్ళీ మొలుస్తుంది. దానిని తవ్వి తీయాలి, ఒక్క విడతలో పోదని ఇంటివారికి ముందే చెప్పాలి. యూరియా పలుచగా చల్లి వెంటనే నీళ్ళు పెట్టాలి. అవసరం లేని మందులు అమ్మి లాభం చూసుకునేవాడికి ఆ నెల డబ్బు వస్తుంది, మరునెల పిలుపు రాదు.

చలికాలంలో కోతలు తగ్గితే రాబడీ తగ్గుతుంది. అందుకే కుండీల మట్టి మార్చడం, కొమ్మల కత్తిరింపు, పశువుల ఎరువు కలిపిన మట్టి పరచడం వంటి పనులూ నేర్చుకోవాలి. ఊరంతా తిరగడం కన్నా ఒకే కాలనీలో పని పెంచుకోవడం మేలు. ఒకే వీధిలో ఐదిళ్ళు దొరికితే మిషను ఒక్కసారి దించితే చాలు. అదే ఐదిళ్ళు ఐదు మూలల్లో ఉంటే పగలంతా దారిలోనే గడిచిపోతుంది.

ఐదవది నమ్మకం. ఇంటి ఆవరణలోకి రానిచ్చినవారు తమ ఆంతర్యాన్ని కూడా అప్పగించినట్లే. ఎవరు ఎప్పుడు ఊరెళ్ళారు, ఏ ఇంట వృద్ధులు ఒంటరిగా ఉన్నారు అన్నది మాలీ కంటబడుతుంది. అది అమానత్. వచ్చే వేళ ముందే చెప్పాలి. ఇంట్లో స్త్రీలు మాత్రమే ఉంటే గుమ్మానికి దూరంగా నిలబడి మాట్లాడాలి. పనికోసం ఇచ్చిన నంబరును మరెవరికీ ఇవ్వరాదు.

ఇక మన కుటుంబాల బాధ్యత. గ్రూపులో మనం రాసే సిఫారసు సాక్ష్యంతో సమానం. పని చూడకుండా, బంధువు అడిగాడని రాసేది అబద్ధ సాక్ష్యానికి దగ్గరవుతుంది. ఫిర్యాదు సంగతి మరింత సున్నితమైనది. గడ్డి సరిగా కోయలేదని కోపం వచ్చిన క్షణంలో “ఇతణ్ణి ఎవరూ పిలవకండి” అని వందలమంది చదివే చోట రాస్తాం. గంటలో ఆ మాట పక్క కాలనీలకు పాకుతుంది. మన ఇంట పాడైంది నాలుగు గజాల పచ్చిక, అవతల ఆరిపోయేది ఒక ఇంటి పొయ్యి. ఏదైనా వస్తువు కనబడకపోతే మొదట మాలీ ఫోటోనే గ్రూపులోకి ఎక్కుతుంది. మరునాడు ఆ వస్తువు బీరువాలోనే దొరుకుతుంది. అప్పటికి ఆ ఫోటో ఎన్ని ఫోన్లలోకి చేరిందో ఎవరు చెప్పగలరు? వార్త వస్తే నిర్ధారించుకోవాలని, తెలియక ఎవరికీ హాని చేయరాదని హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది.

అలాగని నోరు మూసుకోవాలా? అక్కరలేదు. ఇమామ్ నవవీ (రహ్మలై) తమ ‘రియాజుస్సాలిహీన్’లో పరోక్షంలో ఒకరి లోపం చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాలు పేర్కొన్నారు. అన్యాయాన్ని సరిదిద్దగలవారికి ఫిర్యాదు చేయడం, లావాదేవీ గురించి సలహా అడిగినవారికి నిజం చెప్పడం వాటిలో ఉన్నాయి. అందులోనూ అవసరమైనంతే చెప్పాలి. కాబట్టి మొదట పనివాడికే చెప్పి సరిచేసుకునే అవకాశం ఇవ్వండి. తీరకపోతే అడిగినవారికి విడిగా చెప్పండి. నిజంగా ప్రమాదం ఉందని రుజువైతేనే అందరినీ హెచ్చరించండి. “మొద్దు బ్లేడుతో కోశాడు” అనేది సమాచారం. “పనికిమాలినవాడు” అనేది గీబత్.

మరొక్క విషయం. పని ముగిసిన వెంటనే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) బోధ. గ్రూపులో అందరూ చూసేలా పొగిడి, డబ్బుల కోసం మూడుసార్లు తిప్పించుకునే మర్యాద మనకు వద్దు. ఫోనులో క్షణంలో డబ్బు పంపగల ఈ రోజుల్లో “చిల్లర లేదు” అన్న సాకు కూడా మిగలలేదు.

సోదర సోదరీమణులారా! సఅద్ బిన్ రబీ (రజి) సగం సంపద ఇవ్వజూపారు. మనలో ఎందరికి అంత గుండె ఉంది? కానీ బజారుకు దారి చూపడం మనలో ప్రతి ఒక్కరికీ సాధ్యం. మీ ఇంటికి వచ్చే మాలీ, దర్జీ, ఎలక్ట్రీషియన్ మంచి పనివాడైతే, నమ్మదగినవాడైతే, అతని అనుమతితో ఆ సంగతి ఉన్నదున్నట్లు మీ కాలనీ గ్రూపులో రాయండి. అతని మతం ఏదైనా సరే. రెండు వాక్యాలు చాలు. ఒక తల్లి గాజులు తిరిగి చేతికి రావడానికి అవి కారణం కావచ్చు, ఇన్షా అల్లాహ్.