న్యాయమూర్తి యిచ్చిన ఉత్తరీయము

మన యిండ్లలో పాతపెట్టె యడుగున నేదో యొక వస్తువు దాచబడియుండును. తాతగారి కండ్లజోడో, అత్తగారి కుంకుమభరిణెయో కావచ్చును. దానిని వాడుకొనము, పాఱవేయను లేము. పండుగకు పెట్టె సర్దుచుండగా అది చేతికి తగిలినప్పుడు చేయుచున్న పని యాపి కొంచెముసేపు ఊరక కూర్చుందుము. ఈ నెల అట్టి యొక వస్త్రమును గూర్చియు, దాని నిచ్చిన న్యాయమూర్తిని గూర్చియు మీతో ముచ్చటింపదలచితిని.

1912వ సంవత్సరమున గోపాలకృష్ణ గోఖలేగారు దక్షిణాఫ్రికాకు వెళ్లి, అచ్చటి భారతీయుల కష్టములను విచారించిరి. జొహానెస్బర్గు నగరమున వారి గౌరవార్థము విందు ఏర్పాటయ్యెను. విందునకు ధరింపదలచిన ఉత్తరీయము ముడుతలుపడి యుండెను. చాకలికి పంపి తెప్పించుటకు వ్యవధి లేదు. తన బట్టలు తానే యుదికి ఇస్తిరి చేసికొను నలవాటుగల గాంధిగారు, ఆ పని తాను చేసియిత్తునని ముందునకు వచ్చిరి. గోఖలేగారు సందేహించిరి. గాంధిగారి వకీలుతనముపై నున్న నమ్మకము వారికి ఆయన చాకలితనముపై లేకపోయెను! ఆ యుత్తరీయము మహాదేవ గోవింద రానడేగారు తమకు ప్రేమతో నిచ్చిన కానుక. దానిని విశేషదినములందు మాత్రమే వారు ధరించుచుండిరి. కడకు గాంధిగారు దానిని చక్కగా ఇస్తిరి చేసి మెప్పు పొందిరి. అప్పటికి రానడేగారు గతించి పదునొకం డేండ్లు.

ఆ రానడేగారు 1842వ సంవత్సరము జనవరి 18వ తేదీన నాసిక్ జిల్లా నిఫాడ్ గ్రామమున జన్మించిరి. పూనాలో న్యాయాధికారిగా పనిచేసిరి. 1893లో తమ మిత్రుడును న్యాయమూర్తియు నగు కాశీనాథ త్ర్యంబక తెలాంగుగారు మరణింపగా, బొంబాయి హైకోర్టున ఆ స్థానము వీరికి లభించెను. సర్కారు కొలువున నుండియు కాంగ్రెసు సభలకు నిర్భయముగా వెళ్లుచుండిరి. సంఘసంస్కరణ సభను 1887లో స్థాపించి నడపిరి. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని కొనియాడినది వీరే యని ప్రసిద్ధి. గోఖలేగారు యువకులై యుండగా వారి వ్రాతలను దిద్ది, ప్రజాకార్యములందు తీర్చినదియు ఈ న్యాయమూర్తియే. కావుననే ఆ వస్త్రము గోఖలేగారికి గురుప్రసాదమును స్నేహచిహ్నమును ఆయెను.

న్యాయస్థానమున తీర్పు చెప్పువాడు తన గృహమున నెట్లుండెను? మనకు తెలియవలసిన దిదియే గదా.

1873లో రానడేగారి మొదటి భార్య గతించెను. వితంతువివాహములను ప్రోత్సహించుచుండిన వారగుటచే, వారు వితంతువునే పరిణయమాడుదురని మిత్రులు తలంచిరి. తండ్రిగారు వేరువిధముగా పట్టుబట్టిరి. ముప్పదియొకటవ యేట రానడేగారు పదునొకం డేండ్ల బాలికను వివాహమాడిరి. ఆ బాలిక పేరు రమాబాయి. ఆమెకు అక్షరములైనను రావు. పరులకు చెప్పినది తా నాచరింపలేకపోయె నను నింద రానడేగారికి తప్పలేదు. ఆ నింద కారణము లేనిదియు గాదు.

అయినను ఆ తప్పునొద్దనే వారు నిలిచిపోలేదు. వివాహమైన వెంటనే భార్యకు తామే అక్షరములు నేర్పనారంభించిరి. మరాఠీ తరువాత ఇంగ్లీషు వచ్చెను. ఇంటనున్న పెద్ద స్త్రీలకిది కిట్టలేదు. కోడలు పుస్తకము పట్టినచో ఎత్తిపొడుపులు, మాటలాడకుండుట, వంటయింట సూటిపోటి మాటలు. అత్తవారింట మెలగిన మనకు ఆ బాధ వర్ణించి చెప్పవలెనా? రానడేగారు పెద్దలతో కలహింపలేదు. పాఠమును మానిపింపనులేదు. ఓర్చుకొమ్మని మాత్రము భార్యకు బోధించిరి. ఆయన వారిని మందలించియుండిన బాగుండెడిదేమో యని నాకు తోచును. బోధించుట సులభము, పడుట కష్టము. ఆ కష్టమంతయు రమాబాయి పడెను.

పడి, నిలిచెను. పూనాలో బాలికలకు ఉన్నత పాఠశాల కావలెనని బొంబాయి గవర్నరు సమక్షమున ఆమె ఇంగ్లీషున విన్నపము చదివెను. ఆ పాఠశాల 1884లో వెలసెను. తరువాత భార్యాభర్తలు కలకత్తాలో నుండగా రానడేగారు బెంగాలీ నేర్చుకొనబూని, క్షౌరము చేయవచ్చిన మంగలిని సయితము చదువులో సాయమడుగుచుండిరట! భర్తగారి యీ క్రొత్తగురువును చూచి రమాబాయి నవ్వుకొనెను. తెలియనిదానిని అడుగుటకు సిగ్గుపడనివాడే ఇతరులకును నేర్పగలడు.

1901వ సంవత్సరము జనవరి 16వ తేదీన, ఏబదితొమ్మిదేండ్లు నిండుటకు రెండుదినములు ముందుగా, రానడేగారు గతించిరి. రమాబాయికప్పటికి నలువది యేండ్లైనను నిండలేదు. ఆ కాలమున వితంతువునకు మిగిలినది చీకటిగది యొక్కటే. ఆమె కొంతకాలము ఆ గదిలోనే యుండెను. పిదప వెలుపలికి వచ్చెను. భర్తగారి ధర్మోపన్యాసములను కూర్చి ప్రకటించెను. చెరసాలలోని స్త్రీలకడకు పోయి మంచిమాటలు చెప్పెను. 1909లో పూనా సేవాసదనమును నెలకొల్పుటకు పూనుకొని, అనాథలకును వితంతువులకును చదువును, చేతిపనియు, రోగులకు పరిచర్య చేయు విద్యయు నేర్పించెను. 1924లో తాను మరణించువరకు ఆ పని విడువలేదు.

1910లో ఆమె మరాఠీ భాషలో తన జ్ఞాపకములను గ్రంథముగా వెలువరించెను. దానికి పీఠిక వ్రాసినవారు గోఖలేగారు. అందు రానడేగారి యౌదార్యముతోబాటు తన వివాహము జరిగిన తీరును, ఇంటిలోని పోరును ఆమె దాచలేదు. భర్తను దేవునిగా భావించిన యిల్లాలు ఆయనను మనుష్యునిగా చిత్రించెను. నేడు మన మాయనను ప్రేమింపగలుగుట ఆ చిత్రణమువలననే.

గోఖలేగారు ఉత్తరీయమును పదిలపరచిరి. రమాబాయి పాఠమును పదిలపరచెను. రెండును స్మృతియే గాని, ఒకటి పెట్టెలో నుండును, రెండవది పదిమంది చేతులలో పెరుగును.

సోదరీమణులారా, ఈసారి పెట్టె తెఱచినప్పుడు ఆ కండ్లజోడును మరల అడుగున పెట్టకుడు. పిల్లలను పిలువుడు. దాని నుంచుకొన్న పెద్దమనుష్యుడు ఏమి చదివెనో, ఎవ్వరికి సాయపడెనో, ఎచ్చట తప్పెనో చెప్పుడు. వీలైనచో ఒక కాగితముపై వ్రాసి దానితోబాటు ఉంచుడు. మీరు వ్రాయనిచో ఆ సంగతి మీతోనే పోవును.