అసన్‌పింక్ దారిలో నడిచే తెలుగువారికి ఒక మనవి

న్యూజెర్సీలో రాబిన్స్‌విల్, ఈస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో, మన్రో, ఎడిసన్‌లలో ఉంటూ సెలవు రోజున పిల్లల్ని తీసుకుని నాలుగడుగులు నడిచి వద్దామనుకునే తెలుగు కుటుంబాలన్నింటికీ ఈ మనవి. ఈ కాగితాన్ని దయచేసి చివరిదాకా చదవండి. చదివాక ఇంకొకరికి ఇవ్వండి.

పోయినేడు కార్తీకంలో ఒక శనివారం మేం ఆరు కుటుంబాలవాళ్లం అసన్‌పింక్ సరస్సు ఒడ్డుకి వనభోజనానికి వెళ్లాం. పులిహోర, దద్దోజనం, గుత్తివంకాయ కూర, ఒక పెద్ద గిన్నె నిండా చక్కెర పొంగలి. గడ్డి మీద దుప్పట్లు పరిచి విస్తళ్లు సర్దుతుంటే, పిల్లలు సరస్సును చుట్టి వచ్చే మట్టిదారి పట్టుకుని పరుగుతీశారు. పట్టుమని పది నిమిషాలు కాలేదు, పొలం అవతల తుపాకి పేలింది. వెంటనే ఇంకో రెండు. ఆ రోజు మా పాప వేసుకున్నది ఎండుగడ్డి రంగు కోటు. పాపని గడ్డిలో వెతికి పట్టుకోవడానికి తల్లినైన నాకే రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కాసేపటికి గడ్డిలోంచి ఒక కుక్క, దాని వెనకే నారింజరంగు టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చారు. పిల్లల్ని చూడగానే తుపాకిలోంచి తూటాలు తీసేసి జేబులో వేసుకున్నారు. కోప్పడలేదు. ఇది వేటకాలమని, ఇక్కడ పిల్లలకు నారింజరంగు వెయ్యకుండా తిప్పకూడదని మెల్లగా చెప్పి, తన బండిలోంచి రెండు పాత నారింజ చొక్కాలు తెచ్చి మా చేతిలో పెట్టి వెళ్లారు.

తప్పు ఆయనది కాదు. మేం వెళ్లిన చోటేమిటో మాకు తెలియకపోవడమే తప్పు. గోధుమరంగు బోర్డు మీద 'అసన్‌పింక్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా' అని ఉంటే దాన్నొక పార్కుపేరులాగా చదువుకున్నాం. అది పార్కు కాదు. స్టేట్ పార్కుల్ని చూసుకునే విభాగం వేరు, ఈ నేలల్ని చూసుకునే 'ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్' విభాగం వేరు. అడవి జంతువులకు తిండీ నీడా ఉండేలా పొలాల్ని, పొదల్ని, చెరువుల్ని సాకడం దాని పని. వేటకూ చేపలు పట్టడానికీ వచ్చేవారికి అక్కడ ముందునుంచీ హక్కుంది. నడిచేవాళ్లనీ పక్షుల్ని చూసేవాళ్లనీ రానిస్తారు, టికెట్టు అడగరు. కంకర పరిచిన పార్కింగు, ఒక బోర్డు, అంతే. చాలాచోట్ల దారికి గుర్తులుండవు, మరుగుదొడ్డి ఉండదు. ట్రాక్టరు తిరిగిన బాటలే మన నడకదారులు.

ఇంకోమాట. ఆ నేలల్లో వనభోజనం నిషిద్ధం. ఇది నా అభిప్రాయం కాదు, నిబంధన. పిక్నిక్కు, ఈత, గుడారం, మంట, మద్యం, ఆకు తెంపడం, కొమ్మ విరవడం, ఏవీ కుదరవు. పాతికమంది దుప్పట్లు పరుచుకుని కూర్చుంటే ఆ రోజుకి ఆ ఒడ్డున ఏ పక్షీ వాలదు, ఆ గట్టున ఏ జింకా దిగదు. అందుకే ఆ నిబంధన.

ఇక కాలం సంగతి. మన కార్తీకం అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ వేట జోరందుకుంటుంది. విల్లంబులతో జింకల వేట సెప్టెంబరులోనే మొదలవుతుంది. నవంబరులో ఫెజెంటు పక్షుల వేట. ఫెజెంటు మన నెమలి కుటుంబానిదే, ఆసియానుంచి తెచ్చిన పక్షి. రాష్ట్రంవాళ్లు వాటిని ఫారంలో పెంచి తెచ్చి వదిలే నేలల్లో అసన్‌పింక్ ఒకటి. డిసెంబరులో సోమవారం నుంచి శనివారందాకా ఆరు రోజులు తుపాకులతో జింకల వేట. విల్లంబులవాళ్లు చలికాలమంతా ఏదో ఒక రూపంలో ఉంటారు. వసంతంలో అడవి టర్కీల వేట. అంటే ఏడాదిలో సగానికి పైగా ఆ దారిలో మనకు తోడు ఎవరో ఒకరు ఉంటారు.

ఆదివారం క్షేమం కదా అంటారు. ఈ రాష్ట్రంలో ఆదివారంనాడు తుపాకితో జింకల్ని వేటాడనివ్వకపోవడం పాత ఆనవాయితీ. అందుకే నడకకు ఆదివారమే మంచిదని నేనూ అంటాను. అయితే 2009 నుంచి ఈ నేలల్లో ఆదివారం కూడా విల్లంబులతో జింకల్ని వేటాడొచ్చు. జింకలకో ఫెజెంట్లకో తుపాకి పట్టినవాడు నారింజరంగు వేసుకుని తీరాలి, దూరంనుంచే కనపడతాడు. విల్లు పట్టినవాడు ఆకురంగు బట్టలేసుకుని చెట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, మనకు కనపడడు. మనం అతనికి కనపడటం ముఖ్యం. ఏటా తేదీలు మారుతుంటాయి. రాష్ట్రం వేసే వేట నిబంధనల పుస్తకం ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది, బయల్దేరే ముందు అందులో ఆ రోజు ఏముందో చూసుకోండి.

నారింజరంగే ఎందుకంటే, జింక కంటికి నారింజరంగు విడిగా తెలియదు, మసకరంగులా కనిపిస్తుంది. మనిషి కంటికి అదే రంగు అడవిలో దీపంలా వెలుగుతుంది. వేటగాడికి పనికొచ్చిన ఉపాయం మనకీ పనికొస్తుంది. పెన్సిల్వేనియా ప్రభుత్వ వేటనేలల్లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా వేటకు రాని, నడిచేవాళ్లు కూడా 250 చదరపు అంగుళాల నారింజరంగు తలకీ ఛాతీకీ వీపుకీ తెలిసేలా వేసుకోవాలని నిబంధన ఉంది. మన రాష్ట్రంలో నడిచేవాళ్లకు ఆ నిర్బంధం లేదు. నిర్బంధం లేకపోయినా మనమే ఆనవాయితీ చేసుకుందాం. హార్డ్‌వేరు దుకాణంలో దొరికే పలుచటి చొక్కా చాలు, చీర మీదైనా, కోటు మీదైనా వేసుకోవచ్చు. కుక్కను తీసుకెళితే దానికీ ఒకటి కట్టండి, గొలుసు వదలకండి. టర్కీల కాలంలో మాత్రం ఎరుపు, తెలుపు, నీలం వద్దు, మగ టర్కీ తల రంగులవి. ఉగాదికి కొన్న ఎర్రచీరను ఆ దారిలో కట్టకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కాగితం నేను రాసింది భద్రత కోసమే కాదు.

ఆ నేలకి డబ్బెవరు కట్టారు? 1932లో ససెక్స్ కౌంటీలో వాల్‌ప్యాక్ దగ్గర వేట, చేపల లైసెన్సుల సొమ్ముతో కొన్న భూమితో ఈ ఏర్పాటు మొదలైంది. ఇవాళ రాష్ట్రంలో ఇలాంటి నేలలు మూడున్నర లక్షల ఎకరాలకు పైనే. 1937 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను (చేతి తుపాకుల మీద 10 శాతం, మిగతావాటి మీద 11 శాతం) ఫెడరల్ ప్రభుత్వం ద్వారా రాష్ట్రాల వన్యప్రాణి విభాగాలకు చేరుతుంది. రాష్ట్రం ఒక డాలరు పెడితే అక్కడినుంచి మూడు డాలర్లు వస్తాయి. ఆ ఒక డాలరూ ఎక్కువగా లైసెన్సుల రుసుమే. ఈ రాష్ట్రంలో అడవి టర్కీ పూర్తిగా అంతరించిపోతే, 1977లో 22 పక్షుల్ని తెచ్చి వదిలారు. ఈరోజు తెల్లవారుజామున అసన్‌పింక్ గట్టు మీద గుంపుగా నడిచే టర్కీల్ని చూసి మన పిల్లలు చప్పట్లు కొడుతున్నారంటే, ఆ ఖర్చులో ఎక్కువభాగం మోసింది వేటగాళ్లు.

వేట నాకు నచ్చదు. కార్తీకమంతా నీసు ముట్టని ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. చచ్చిన పక్షిని సంచిలో వేసుకుని పోయే మనిషిని చూస్తే నా కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది. కాని నాకు నచ్చనివాళ్లు ఖర్చు పెట్టి కాపాడిన నీడలో కూర్చుని, నేను పైసా కట్టకుండా, వాళ్లు చేసేది తప్పని చెప్పడం నాకు సిగ్గుగా తోచింది. తోడేళ్లు లేని ఈ అడవిలో జింకలు మితిమీరి చిగుళ్లన్నీ మేసేస్తే నేలను అంటిపెట్టుకునే పక్షులకు గూడు దొరకదన్నదీ నిజమే. వేటగాళ్ల వయసు పెరుగుతోంది, కొత్తగా వచ్చేవాళ్లు తక్కువ. నడిచేవాళ్లు మాత్రం ఏటేటా పెరుగుతున్నాం. ఆ ఖర్చు రేపు మనం మోయకపోతే ఇంకెవరు మోస్తారు?

మోసే దారులు ఇప్పటికే ఉన్నాయి. న్యూజెర్సీ ఆదాయపన్ను ఫారంలో 'ఎన్‌డేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్' అని ఒక గడి ఉంటుంది. ఏటా సాఫ్ట్‌వేరులో టకటకా నొక్కుకుంటూ దాటిపోయే గడి అది. ఈసారి అక్కడ ఆగండి, పదో ఇరవయ్యో డాలర్లు రాయండి. ఒకప్పుడు ఈ రాష్ట్రమంతటా ఒకే ఒక్క బాల్డ్ ఈగిల్ గూడు మిగిలింది. ఇవాళ 250 పైచిలుకు గూళ్లున్నాయి. అలాంటి పనులకే ఆ డబ్బు పోతుంది. రెండోది బాతుల వేటగాళ్లు కొనే ఫెడరల్ డక్ స్టాంపు. 1934లో మొదలైంది, ఇప్పుడు ధర 25 డాలర్లు. వేటాడనివాళ్లూ కొనొచ్చు. డాలరుకి 98 సెంట్లు చిత్తడినేలలు కొనడానికీ కాపాడడానికీ వెళతాయి. అట్లాంటిక్ సిటీ దగ్గరి ఫోర్సైత్ రెఫ్యూజ్‌లో కారులో తిరిగి పక్షుల్ని చూసే దారికి అదే ప్రవేశపత్రం కూడా.

మూడోది మనం అడిగి తెచ్చుకోవలసింది. వర్జీనియాలో, జార్జియాలో ఇలాంటి నేలల్లో నడవాలంటే లైసెన్సు లేని పెద్దలు పాసు కొనాలి. న్యూజెర్సీలో అలాంటిది లేదు. నడిచేవాళ్లకు పాసు ఒకటి పెట్టమని, ఆ సొమ్ము పొదలకీ చెరువులకీ తప్ప మరెక్కడికీ పోకూడదని మనమే మన అసెంబ్లీ సభ్యులకు రాయాలి. పన్ను వెయ్యమని అడిగే జనం ఎక్కడైనా ఉంటారా అనొచ్చు. ఒకరోజు పాసు ఒక కాఫీ ధరకి మించనక్కర్లేదు. ఆ పాసు చేతిలో ఉన్నప్పుడు వేటతేదీల బోర్డు పార్కింగులో పెద్దక్షరాలతో పెట్టండని అడిగే హక్కు మనకూ వస్తుంది.

సంఘాల పెద్దలకు విడిగా చెబుతున్నాను. కార్తీక వనభోజనాలకు మర్సర్ కౌంటీ పార్కులాంటి చోట ముందే స్థలం రిజర్వు చెయ్యండి. బల్లలుంటాయి, నీళ్లుంటాయి, పిల్లలకు ఆటస్థలం ఉంటుంది. మంచి శనివారాలు వేసవి దాటకముందే అయిపోతాయి కాబట్టి కార్తీకం దాకా ఆగకండి. మీ అట్టపెట్టెల్లో రంగవల్లులు, తోరణాల పక్కన ముప్పై నారింజ చొక్కాలు పెట్టుకోండి, నడకకు వెళ్లేవాళ్లకు ఇచ్చి మళ్లీ తీసుకోండి.

అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చి ఉంటే వారికీ ఒక మాట చెప్పండి. ఈ దారుల పక్కన మూడాకుల తీగ ఒకటి విపరీతంగా పాకి ఉంటుంది. కార్తీకానికి ఎర్రబడి ఎంతో అందంగా ఉంటుంది. మారేడు దళంలా ఉంది, సోమవారం శివుడికి పనికొస్తుందని మా అత్తగారు చెయ్యి చాపారు. అది పాయిజన్ ఐవీ. శివుడికి వెయ్యడానికి కోసిన చెయ్యి రెండు వారాలపాటు బొబ్బలెక్కి దురదపెట్టింది. వినాయకచవితి పత్రికీ ఈ పొదల్లోకి వెళ్లొద్దు. గడ్డిలో జింక పిడుదులుంటాయి, శరత్కాలంలోనూ ఉంటాయి, నువ్వుగింజంత. అవి లైమ్ జబ్బు తెస్తాయి. చాలావరకు పిడుదు ఒంటికి ఒక రోజుకు పైన అంటుకుని ఉంటేనే జబ్బు ఎక్కుతుంది కాబట్టి, ఇంటికి రాగానే పిల్లలకు తలంటి, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక చూసి, పిడుదు ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి మెల్లగా లాగెయ్యండి. ప్యాంటు అంచుల్ని మేజోళ్లలో దోపుకుని నడవడం చూడ్డానికి బాగోకపోయినా మంచిది.

ఇంత చెప్పినా అసన్‌పింక్‌కు రావద్దని నేననడం లేదు. రండి. ఆదివారం పొద్దున మంచు విడుతుండగా ఆ సరస్సును చుట్టి వచ్చే దారి, అవతలి ఒడ్డున ఎండుగడ్డి మీద పడే తొలి ఎండ, నీళ్ల మీద బాతుల రెక్కల చప్పుడు, పిల్లలు మాట్లాడటం మానేసి నిలబడిపోయే ఆ నిమిషం. మా పాప ఇప్పుడు నారింజ చొక్కా తానే అడిగి వేసుకుంటుంది. ఆ పెద్దాయన ఇచ్చిన రెండు చొక్కాలు మా కారు డిక్కీలో ఉన్నాయి. ఈ ఏడాది వాటికి తోడు ఇంకో పది కొన్నాం. పార్కింగులో ఎవరైనా పిల్లలతో ఉత్త కోట్లలో దిగితే, వెళ్లి పలకరించి ఇస్తున్నాం. తిరిగి ఇచ్చినా సరే, ఉంచుకున్నా సరే.

— మీలాగే ఆ దారిలో నడిచే ఒక తెలుగు తల్లి