సేవ మనది, సంతకం వారిదా?

ఈ మధ్య ఒక ఆదివారం ప్రత్యేక విద్యలో పనిచేసే టీచర్ల సంఘం సర్వసభ్య సమావేశానికి మమ్మల్ని అతిథులుగా పిలిచారు. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ అక్కర్లేదు. ఎందుకంటే ఆ రోజు అక్కడ మేము చూసింది ఆ ఒక్క సంఘానికే పరిమితమైన విషయం కాదు.

హాలు నిండా ఆడవాళ్లే. వేదిక మీద ఆరుగురు కూర్చుంటే అందులో ఐదుగురు మగవాళ్లు. ఉదయమంతా ఉపన్యాసాలు, శాలువాలు. స్పెషల్ టీచర్ల ఓర్పు గురించి, త్యాగం గురించి, మాతృహృదయం గురించి మాట్లాడని వక్త లేడు. భోజనాలయ్యాక, బస్సుల టైమై సగం మంది లేచి వెళ్లిపోయాక, ఒక పెద్దమనిషి జేబులోంచి కాగితం తీసి కొత్త కార్యవర్గం పేర్లు చదివారు. అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ పురుషులే. ఉపాధ్యక్షులుగా ఇద్దరు స్త్రీలు, సాంస్కృతిక కార్యదర్శిగా ఇంకొకరు. చప్పట్లు మోగాయి.

అప్పుడు వెనక వరసలోంచి, భవిత కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక టీచరు లేచి, "సార్, నాకు ఓటుందా?" అని అడిగింది. "ఏకగ్రీవమైపోయింది కదమ్మా, ఇంక ఓటెందుకు?" అన్నారాయన నవ్వుతూ. చాలామంది నవ్వారు. ఆమె కూర్చుండిపోయింది. ఆమె పక్కన ఒక బధిర టీచరు ఉంది. సైగల్లో చెప్పేవాళ్లు లేరు. అందరూ చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది. దేనికి కొట్టిందో తర్వాత మేమే కాగితం మీద రాసి చెప్పాం.

"నాకు ఓటుందా?" అన్న ఆ ప్రశ్నను ఈ సంచికలో మనందరి ముందూ పెట్టాలనుకుంటున్నాం.

ఒక వృత్తి సంఘం ఎన్నికలు స్త్రీల హక్కుల పత్రికకు సంపాదకీయం రాయాల్సినంత పెద్ద విషయమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ప్రత్యేక విద్య అనేది ఇంట్లో స్త్రీ చేసే పనికి కొనసాగింపుగానే మన సమాజం చూస్తోంది. తుడవడం, తినిపించడం, చెయ్యి పట్టుకుని నడిపించడం, చెప్పిందే నూరుసార్లు చెప్పడం. ఇవన్నీ ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణాలన్న భావన వల్లనే దాన్ని నైపుణ్యంగా లెక్కగట్టరు, జీతం కూడా అలాగే ఇస్తారు. పని సేవ అయినప్పుడు హక్కులడగడం స్వార్థమవుతుంది. సంఘంలో పదవి కోరుకోవడం మరీ పెద్ద తప్పవుతుంది. కాబట్టి ఇది అచ్చంగా మన విషయమే.

ఈ రంగంలో స్త్రీలు మొదటినుంచీ ఇలా వెనక వరసలోనే లేరు. న్యూయార్క్‌లో హెన్రీ స్ట్రీట్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో, మామూలు తరగతుల్లో ఇమడలేక బయటికి నెట్టబడిన పిల్లల కోసం 1899లో ఎలిజబెత్ ఫారెల్ అనే టీచరు విడిగా ఒక తరగతి మొదలుపెట్టింది. 1906 నాటికి ఆ నగరంలోని అలాంటి తరగతులన్నిటినీ పర్యవేక్షించే బాధ్యత ఆమెకు వచ్చింది. 1922 ఆగస్టులో కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో పన్నెండుమందితో ఈ వృత్తికి ఒక సంఘం ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ఈనాడు కౌన్సిల్ ఫర్ ఎక్సెప్షనల్ చిల్డ్రన్ అని పిలుస్తున్న సంస్థ అదే. అక్కడి పద్ధతి ఒకటి గమనించదగ్గది. అధ్యక్ష పదవికి ఎన్నికైన వ్యక్తి ముందు ఒక ఏడాది కాబోయే అధ్యక్షురాలిగా పని నేర్చుకుంటుంది, మరుసటి ఏడాది అధ్యక్షత వహిస్తుంది, ఆ తర్వాతి ఏడాది మాజీగా సలహా ఇచ్చి తప్పుకుంటుంది. ఒకే మనిషి కుర్చీ పట్టుకుని పదేళ్లు కూర్చునే వీలుండదు. "అనుభవం లేదు" అనే సాకుతో కొత్తవాళ్లను పక్కన పెట్టే వీలూ ఉండదు.

మన దగ్గరికి వద్దాం. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మొదలయ్యాక తెలుగునాట ఈ వృత్తి ఒక రూపు తీసుకుంది. 1992లో వచ్చిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం స్పెషల్ టీచర్లు కేంద్ర రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా పనిచేయడం శిక్షించదగ్గ నేరం. అంటే మన చదువేమిటో, మన అర్హతేమిటో, మనం పని చేయవచ్చో లేదో తేల్చేది ఆ కౌన్సిలే. మరి అందులో ఎవరుంటారు? కేంద్ర ప్రభుత్వం నియమించినవారు, పార్లమెంటు పంపినవారు. రిజిస్టరులో ఉన్న టీచర్లు ఓటేసి ఎన్నుకునే సీటు ఆ చట్టంలో ఒక్కటి కూడా లేదు.

తన వృత్తి గురించి స్పెషల్ టీచరు ఓటు వేయగల చోటు ఇక మిగిలింది ఆమె సంఘమే. ఆ ఒక్క చోట కూడా జేబులోంచి తీసిన కాగితమే ఎన్నికైతే ఆమెకు గొంతు ఎక్కడ?

ఇది ఇప్పుడు మరీ ముఖ్యం. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఎంతమందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలో నిష్పత్తిని ప్రకటించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2025 మార్చిలో, ఎన్ని పోస్టులు కావాలో లెక్క తేల్చి మంజూరు చేసి ప్రకటించమని రాష్ట్రాలను ఆదేశించింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద, తాత్కాలికంగా పనిచేస్తున్నవారి అర్హతలు పరిశీలించడానికి స్క్రీనింగ్ కమిటీలు వేయమన్నది. ఎవరి సర్వీసును లెక్కలోకి తీసుకుంటారు? ప్రసవానికి సెలవు పెట్టిన నెలలు సర్వీసులో తెగిపోయినట్టా, కలిసినట్టా? మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పే టీచరు దారి ఖర్చులు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలతో అధికారుల దగ్గరకు వెళ్లేది సంఘం ప్రధాన కార్యదర్శి. వినతిపత్రం మీద పడేది ఆయన సంతకం. ప్రసవం సెలవు విషయం జాబితాలో మొదట ఉంటుందా, చివర ఉంటుందా, అసలు ఉంటుందా అన్నది ఆ సంతకం ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

"మేం వద్దన్నామా? ఆడవాళ్లే ముందుకు రారు" అనే మాట ప్రతి సంఘంలోనూ వింటాం. ఎందుకు రారో అడిగినవాళ్లు తక్కువ. సమావేశం జిల్లా కేంద్రంలో పెడతారు. అది సాయంత్రం మొదలై రాత్రికి ముగుస్తుంది. అసలు నిర్ణయాలు ఆ తర్వాత టీకొట్టు దగ్గరో, ఎవరి గదిలోనో జరుగుతాయి. పసిపిల్లను చంకనేసుకుని వచ్చిన టీచరుకు ఆ పిల్లను పడుకోబెట్టే చోటు ఉండదు. ఈ టీచర్లలో కొందరికి ఇంట్లోనూ వైకల్యం ఉన్న బిడ్డ ఉంది. చాలామంది ఈ చదువు చదివిందే ఆ బిడ్డ కోసం. అన్నిటికంటే పెద్దది కాంట్రాక్టు భయం. ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనిషి ఎవరికి వ్యతిరేకంగా నామినేషన్ వేస్తుంది?

ఇక్కడ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం మన గురించి కూడా మాట్లాడుకోవాలి. ఈ పత్రిక చదివేవారిలో ప్రత్యేక పాఠశాలలు నడిపేవారున్నారు, వాటిలో జీతానికి పనిచేసేవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు. సంస్థ నడిపే వ్యక్తి సంఘం అధ్యక్ష పదవికి నిలబడినప్పుడు, ఆ సంస్థలో జీతం తీసుకునే టీచరు అందరి ముందూ చెయ్యి ఎత్తి ఇంకొకరిని బలపరచగలదా? చేతులెత్తే ఓటు యజమానికి అనుకూలంగా పడే ఓటు. అక్కడ యజమాని పురుషుడైనా స్త్రీ అయినా తేడా లేదు. రహస్య బ్యాలెట్ కోరడం ఎవరి నిజాయితీనీ శంకించడం కాదు. బలహీనురాలికి అది రక్షణ.

మనందరం సిగ్గుపడాల్సిన విషయం మరొకటుంది. సాధారణ ఎన్నికల్లో ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అంకెలుంటాయి. చూపులేని ఓటరు తనకు నమ్మకమున్న తోడును వెంట తీసుకుని వెళ్లవచ్చు. వికలాంగులు ప్రజాజీవితంలోనూ, సంఘాల్లోనూ ఇతరులతో సమానంగా పాల్గొనాలని చెప్పే అంతర్జాతీయ ఒడంబడికను మన దేశం 2007లోనే ఆమోదించింది. కాని వికలాంగుల విద్య కోసమే పుట్టిన సంఘం ఎన్నికల్లో, వైకల్యం ఉన్న టీచరుకు బ్రెయిలీ బ్యాలెట్ ఉండదు, సైగల అనువాదకులు ఉండరు. వేదిక ఎక్కడానికి మెట్లే తప్ప వాలుదారి ఉండదు. పిల్లలకు ఏ సౌకర్యాలు కావాలని రోజూ వాదిస్తామో అవి మన టీచర్లకు మనమే ఇవ్వం. వైకల్యం ఉన్న స్త్రీ ఆ హాల్లో రెండుసార్లు వెనక్కి నెట్టబడుతోంది.

మార్గాలు లేవా అంటే ఉన్నాయి. సుప్రీంకోర్టు లాయర్ల సంఘం కూడా వృత్తి సంఘమే. 2024 మే 2న సుప్రీంకోర్టు ఆ సంఘం కార్యవర్గంలో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించాలని ఆదేశించింది. కార్యవర్గ సభ్యత్వంతో సరిపెట్టకుండా, ఆఫీసు బేరర్ల పదవుల్లో ఒకటి వంతులవారీగా స్త్రీలకే ఉండాలని, 2024-25లో ఆ పదవి కోశాధికారిదని చెప్పింది. ఉపాధ్యక్ష పదవిని కాకుండా డబ్బు చూసే పదవిని ఎంచుకోవడంలో ఒక తెలివిడి ఉంది. పురుషులు ఎక్కువగా ఉన్న వృత్తిలోనే అది సాధ్యమైతే, అత్యధికులు స్త్రీలే అయిన మన వృత్తిలో ఎందుకు సాధ్యం కాదు?

అయితే కుర్చీలో ఆడమనిషిని కూర్చోబెడితే సమస్య తీరిపోయిందనుకునే పొరపాటు చేయవద్దు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత మన పంచాయతీల్లో ఏం చూశాం? గెలిచింది భార్య, సంతకాలు పెట్టించింది భర్త. కాని అవే పంచాయతీల్లో లెక్కల పుస్తకం తన చేతిలోకి తీసుకున్న స్త్రీలనూ చూశాం. ఆ రెండో రకం స్త్రీలకు వెనక నిలబడిన సంఘాలుండేవి. ప్రశ్నించే సభ్యులు లేకపోతే ఏ అధ్యక్షురాలైనా అలంకారమే అవుతుంది.

కాబట్టి మా సూచనలు ఇవి:

1. ఎన్నికలకు కనీసం నెల ముందు ఓటర్ల జాబితా రాతపూర్వకంగా అందరికీ అందాలి. కాంట్రాక్టు టీచర్ల పేర్లు అందులో ఉండాలి. చందా కట్టి, అర్హత ఉన్నవారికి ఉద్యోగం పర్మనెంటు కాదన్న కారణంతో ఓటు తీసేయకూడదు.

2. ఎన్నికల అధికారి పోటీలో లేని వ్యక్తి, వీలైతే సంఘం బయటి వ్యక్తి కావాలి. ఓటింగ్ రహస్యంగా జరగాలి. పోటీ లేకపోయినా నామినేషన్లకు గడువు ఇచ్చి, అది ముగిశాకే ఏకగ్రీవమని ప్రకటించాలి.

3. అధ్యక్ష, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో కనీసం రెండు స్త్రీలకు ఉండాలి. కార్యవర్గంలో వైకల్యం ఉన్న సభ్యులకు, దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలకు చోటు ఉండేలా నియమావళి మార్చుకోవాలి.

4. ఒక పదవిలో ఒకరు వరసగా రెండుసార్లకు మించి ఉండరాదు.

5. సమావేశం పగటిపూట జరగాలి. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు, సైగల అనువాదం, బ్రెయిలీ బ్యాలెట్, వాలుదారి, దూరం నుంచి వచ్చేవారికి బస్సు చార్జీలు సంఘం ఖర్చులో భాగం కావాలి. శాలువాలకు డబ్బున్న సంఘానికి వీటికీ ఉంటుంది.

6. పోటీ చేసే ప్రతి ఒక్కరూ తాము ఏం చేస్తారో రాసి ఇవ్వాలి. ఏడాది తర్వాత అదే కాగితం సర్వసభ్య సమావేశంలో చదవాలి.

ఇవేవీ విప్లవాలు కావు. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి సంఘాలకు వర్తించే 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ప్రతి ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం పేర్లు రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఎన్నిక ఎలా జరగాలో చెప్పేది మన నియమావళి. దాన్ని రాసుకున్నది మనమే, మార్చుకోగలిగిందీ మనమే. మనలో ఎంతమందిమి ఆ నియమావళిని ఒక్కసారైనా చదివాం?

మిత్రులారా, వచ్చే సంచికలోగా మీ సంఘం నియమావళి తెప్పించుకోండి. ఓటర్ల జాబితాలో మీ పేరుందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదని రాతపూర్వకంగా అడగండి. పక్క మండలంలోని టీచరును కూడా అడగమనండి. వచ్చిన జవాబులు, రాని జవాబులు మాకు రాయండి. ప్రచురిస్తాం.

ఆ రోజు సమావేశం ముగిశాక ఆ కాంట్రాక్టు టీచరు మాతోపాటు బస్టాండు దాకా నడిచింది. "నేను అడిగింది తప్పా అక్కా?" అంది. తప్పు కాదమ్మా. మిగిలినవాళ్లం నీతోపాటు లేచి అడగకపోవడమే తప్పు. వచ్చేసారి నువ్వు లేచినప్పుడు వెనక వరస మొత్తం లేవాలి.